దాచడంలో ఆనందమా? వెతకడంలో ఆనందమా?



ఈసారి గోడపత్రికలో పాఠం రాసే వంతు మా 9వ తరగతికి వచ్చింది. సోషల్ సార్ అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పేటప్పుడు ఒక ఆట గురించి చెప్పిండు. ఆ ఆట పేరు జియోకాషింగ్. అది విన్న రోజు నుండి మా గదిలో ఒకటే వాదన. దాచేవాళ్లకు ఎక్కువ ఆనందమా, వెతికేవాళ్లకు ఎక్కువ ఆనందమా అని. నేను దాచే పక్షం. ఈ పాఠం రాసేసరికి నా పక్షం కొంచెం కదిలింది. ఎందుకో చివర చెబుతాను. పాఠం పొడుగు ఉన్నది, నాలుగు చార్టులు పట్టింది. నిలబడి చదవలేనివాళ్లు రెండు రోజులు చదవండి.

1. పేరుకు అర్థం

జియో అనగా భూమి. ఇది గ్రీకు మాట. ఫోన్‌లో వేసే సిమ్ అనుకోవద్దు. క్యాష్ అనగా దాచిన వస్తువు. ఇది ఫ్రెంచి భాష నుండి వచ్చిన మాట. రూపాయలు అనుకోవద్దు. ఈ రెండు మాటలు కలిపితే జియోకాషింగ్. భూమి మీద ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు యొక్క అక్షాంశం, రేఖాంశం అంకెలు ఇతరులకు చెప్పడం, ఆ అంకెలను పట్టుకొని వాళ్లు వెతకడం ఈ ఆట.

మనకు దాగుడుమూతలు తెలుసు. అందులో మనుషులు దాక్కుంటారు. ఇసుక గట్టులో పుల్ల దాచే ఆట కూడా తెలుసు. అందులో పుల్ల జానెడు దూరంలోనే ఉంటుంది. జియోకాషింగులో దాచినవాళ్లు ఒక ఊరివాళ్లు, వెతికేవాళ్లు ఇంకో దేశంవాళ్లు కావచ్చు. ఒకరి ముఖం ఒకరు చూడరు. అదే తేడా.

2. ఆట పుట్టుక

ఇటువంటి ఆటకు ముత్తాత ఇంగ్లండులో ఉన్నది. డార్ట్‌మూర్ అనే బీడు కొండల ప్రాంతంలో క్రాన్‌మియర్ పూల్ అనే చోటు ఉన్నది. అక్కడికి నడిచి చేరడం చాలా కష్టం. 1854లో జేమ్స్ పెరట్ అనే దారి చూపించే మనిషి అక్కడ ఒక సీసా పెట్టెను. అంత దూరం నడిచి వచ్చినవాళ్లు తమ పేరు ఉన్న చీటీని ఆ సీసాలో వేసి వెళ్లేవాళ్లు. నేను ఇక్కడి దాకా వచ్చాను అని గుర్తు అన్నమాట.

ఇప్పటి ఆట అమెరికాలో పుట్టింది. జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. మామూలు జనం కూడా వాటిని వాడుకోవచ్చు, కాని జనానికి వచ్చే సంకేతంలో కావాలని తప్పు కలిపేవాళ్లు. దాని వలన 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 100 మీటర్లు అంటే మన వంటశాల అని చెప్పి గేటు బయట చూపించినట్టు. 2000 మే నెల మొదట్లో అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ తప్పు కలపడం ఆపించెను. అంతే, ఒక్క రాత్రిలో జీపీఎస్ దాదాపు పది రెట్లు బాగుపడింది.

మరుసటి రోజే, 2000 మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్ దాచిపెట్టెను. అందులో పుస్తకాలు, వీడియోలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడు గింజల డబ్బా మొదలైనవి ఉన్నవి. చోటు యొక్క అంకెలను కంప్యూటర్ ద్వారా జీపీఎస్ వాడేవాళ్లకు తెలియజేసెను. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. కొంత తీసుకోండి, కొంత పెట్టండి. మూడు రోజులలోనే ఇద్దరు దానిని కనుగొన్నారు. మొట్టమొదట కనుగొన్నది మైక్ టీగ్ అనే ఆయన. అదే నెల 30న మ్యాట్ స్టమ్ అనే ఆయన ఈ ఆటకు జియోకాషింగ్ అని పేరు సూచించెను.

ఇప్పుడు ప్రపంచంలో 30 లక్షలకు పైగా క్యాష్‌లు ఉన్నవి. మంచు ఖండమైన అంటార్కిటికాలోనూ ఉన్నవి. 2008లో రిచర్డ్ గారియట్ అనే ఆయన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పోయి అక్కడ కూడా ఒకటి పెట్టి వచ్చెను. మొదటి బకెట్ ఉన్న చోట ఇప్పుడు బకెట్ లేదు, దాని గుర్తుగా ఒక ఫలకం ఉన్నది.

3. అంకెలతో చోటు ఎట్లా తెలుస్తుంది?

ఇది సోషల్, సైన్సు, లెక్కలు మూడూ కలిసిన భాగం. పరీక్షకు కూడా పనికి వస్తుంది.

భూమధ్యరేఖ నుండి పైకి కిందికి కొలిచేది అక్షాంశం. గ్రీన్‌విచ్ నుండి తూర్పుకు పడమరకు కొలిచేది రేఖాంశం. మన భద్రాచలం 17 డిగ్రీల 40 నిమిషాల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల 53 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నది. ఇక్కడ నిమిషాలు అంటే గడియారం నిమిషాలు కాదు. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక భాగం ఒక నిమిషం.

లెక్క చూడండి. అక్షాంశంలో 1 డిగ్రీ దూరం సుమారు 111 కిలోమీటర్లు. దానిని 60తో భాగిస్తే 1 నిమిషం సుమారు 1.85 కిలోమీటర్లు. నిమిషంలో వెయ్యో వంతు అంటే 1.85 మీటర్లు. అంటే మన మంచం పొడుగు! ఉల్మర్ ఇచ్చిన అంకెలు 45 డిగ్రీల 17.460 నిమిషాలు ఉత్తరం, 122 డిగ్రీల 24.800 నిమిషాలు పడమర. చుక్క తరువాత మూడు అంకెలు ఎందుకు రాసిండో ఇప్పుడు అర్థమైంది కదా. ఇంత పెద్ద భూమి మీద ఒక మంచం అంత చోటును చూపించడానికి.

రేఖాంశాల మధ్య దూరం మాత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గర పడతాయి. మన దగ్గర 1 డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు. ఉల్మర్ బకెట్ దగ్గర సుమారు 78 కిలోమీటర్లే.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. తక్కువలో తక్కువ 24 ఉండాలి. ఒక్కొక్కటి రోజుకు రెండుసార్లు భూమిని చుట్టి వస్తుంది. ప్రతి దానిలో చాలా కచ్చితమైన గడియారం ఉంటుంది. నేను ఫలానా చోట ఉన్నాను, నా టైం ఇంత అని అది సంకేతం పంపుతూ ఉంటుంది. సంకేతం కాంతి వేగంతో, అనగా సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. వచ్చేందుకు పట్టిన కాలాన్ని వేగంతో గుణిస్తే దూరం వస్తుంది.

ఆవును గుంజకు కట్టినట్టు అనుకోండి. తాడు బిగుసుకుంటే ఆవు ఒక గుండ్రటి గీత మీద ఎక్కడో ఉంటుంది. రెండో గుంజకు కూడా తాడు కడితే ఆ రెండు గీతలు కలిసే రెండు చోట్లలోనే ఉంటుంది. మూడో గుంజ ఉంటే ఒక్క చోటే. ఉపగ్రహాలు ఆకాశంలో ఉన్న గుంజలు. మన చేతిలోని ఫోన్ గడియారం అంత కచ్చితం కాదు గనుక ఆ తప్పు దిద్దడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. సెకనులో పది లక్షల వంతు తప్పితే 300 మీటర్లు తప్పిపోతాం మరి.

మన దేశానికీ ఇటువంటి ఏర్పాటు ఉన్నది. దాని పేరు నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న మన తెలుగు నేల మీద ఉన్న శ్రీహరికోట నుండే పైకి పోయింది.

దట్టమైన చెట్ల కింద సంకేతం బలహీనపడుతుంది. ఆరుబయట మంచి ఫోన్ కూడా 5 మీటర్ల అటు ఇటు చూపిస్తుంది. కావున చివరి 5 మీటర్లు ఉపగ్రహం వెతకదు. మన కళ్లు వెతకాలి. ఆట మొత్తం ఆ 5 మీటర్లలోనే ఉన్నది.

4. ఆట నియమాలు

దాచేవాళ్లకు:
స్థలం ఎవరిదో వాళ్లను అడిగి దాచాలి. గొయ్యి తవ్వి పూడ్చరాదు. రైలు పట్టాల వంటి ప్రమాదమైన చోట దాచరాదు. తినే వస్తువులు పెట్టరాదు, వాసనకు జంతువులు వచ్చి డబ్బా కొరుకుతాయి. కత్తులు, మందు వంటివి పెట్టరాదు. ఒక క్యాష్‌కు ఇంకో క్యాష్‌కు 161 మీటర్ల దూరం ఉండాలి. వెతకడం ఎంత కష్టం, అక్కడికి నడవడం ఎంత కష్టం అని రెండింటికీ 1 నుండి 5 వరకు మార్కులు వేసి చెప్పాలి. దాచి మరిచిపోకూడదు. నీళ్లు చేరినా, కాగితం తడిసినా పోయి బాగు చేయాలి.

వెతికేవాళ్లకు:
దొరికిన తర్వాత లోపలి పుస్తకంలో పేరు, తేదీ రాయాలి. ఒక వస్తువు తీసుకుంటే అంత విలువ గలది గాని, అంతకు మంచిది గాని పెట్టాలి. డబ్బాను ఎట్లా ఉన్నదో అట్లనే తిరిగి దాచాలి. ఆట తెలియనివాళ్లు చూస్తుంటే ఆగాలి.

ఈ చివరి నియమాలు విన్నప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె అడవిలో దుంపలు తవ్వేటప్పుడు తీగ వైపు ఉండే తలకాయ ముక్కను కోసి మళ్లీ ఆ గుంతలోనే పెట్టి మట్టి కప్పుతుంది. ఎందుకే అని అడిగితే వచ్చే ఏడు వచ్చేవాళ్లకు అన్నది. మా నాయనమ్మకు అంకెలు రావు, ఉపగ్రహం తెలియదు. కొంత తీసుకోండి, కొంత పెట్టండి అనే మాట మాత్రం ఉల్మర్ కన్నా ముందే తెలుసు.

5. వెతికేవాళ్ల పక్షం

మా గదిలో వెతికే పక్షంవాళ్లు చెప్పిన మాటలు ఇవి.

వెతికేటప్పుడు కళ్లు మారిపోతాయి. రోజూ నడిచే దారే కొత్తగా కనపడుతుంది. ఈ రాయి ఇట్లా ఎందుకు ఉన్నది? ఈ పుల్లలు ఇంత వరుసగా ఎవరు పెట్టినరు? అడవిలో పుల్లలు వరుసగా పడవు కదా. అట్లా తేడా పట్టుకున్నప్పుడు గుండె దడదడ కొట్టుకుంటుంది. డబ్బా మూత తీసి పుస్తకంలో మొదటి పేరు మనదే అయితే ఇంక చెప్పనక్కరలేదు. ఈ ఆట ఆడేవాళ్లలో కొంతమంది మొదటి పేరు కోసం తెల్లవారక ముందే లేచి పోతారట.

దొరకకపోయినా నడక మిగులుతుంది, చూసిన చోటు మిగులుతుంది. దాచినవాళ్లకు ఏం మిగులుతుంది, ఎదురుచూపు తప్ప? అని అడిగిండ్రు.

6. దాచేవాళ్ల పక్షం

నేను చెప్పిన జవాబు ఇది.

వెతికేవాళ్ల ఆనందం టపాకాయ లాంటిది. ఒక్కసారి పేలుతుంది, అయిపోతుంది. దాచేవాళ్ల ఆనందం విత్తనం లాంటిది. చోటు వెతకాలి, డబ్బా ఎంచాలి, రంగు వేయాలి, గుర్తులు రాయాలి. దాచిన తర్వాత రాత్రి పడుకున్నా అది అక్కడ ఉన్నది అని మనకు మాత్రమే తెలుసు. ఒక్క డబ్బా దాస్తే వంద మంది పేర్లు వచ్చి అందులో పడతాయి. చాలామంది డబ్బా కోసం దాచరు, చోటు కోసం దాస్తారు. మంచి గుట్ట, జలపాతం, పాత కట్టడం పదిమంది చూడాలని అక్కడ దాస్తారు. వెతికేవాళ్లు డబ్బా కోసం వస్తారు, చోటు చూసి పోతారు.

అందుకే దాచేవాళ్లే గొప్ప అని నేను గట్టిగా వాదించిన. సార్ నవ్వి, చెప్పడం కాదు, ఆడి చూడండి అన్నడు.

7. మేము ఆడి చూసిన విధానం

మనకు హాస్టల్లో ఫోన్లు లేవు కదా. కావున జెండా కర్రను గ్రీన్‌విచ్ అనుకున్నం. ఉత్తరానికి ఇన్ని అడుగులు, తూర్పుకు ఇన్ని అడుగులు అని రాస్తే అవే మన అక్షాంశం, రేఖాంశం. టేపుతో కొలిస్తే నా 100 అడుగులు 56 మీటర్లు వచ్చినయి. 6వ తరగతి చెల్లెళ్ల అడుగులు ఇంకా చిన్నవి. అందుకని అందరం మీటరు పొడుగు కర్ర ఒకటి వాడినం. తూర్పుకు 30 మీటర్లు, ఉత్తరానికి 40 మీటర్లు పోతే, జెండా నుండి నేరుగా 50 మీటర్లే. పైథాగరస్ సిద్ధాంతం నిజమే అని తాడు పెట్టి చూసినం.

ఖాళీ పౌడర్ డబ్బాలో చిన్న పుస్తకం, పెన్సిల్ ముక్క, రెండు గోలీలు, ఒక రిబ్బన్ పెట్టినం. మొదట మా జట్టులో ఒకామె పుట్ట పక్కన దాస్తానన్నది. వద్దే, పాము ఉంటది, వెతికేది చిన్నపిల్లలు అని ఆపినం. దాచేవాళ్లకు బాధ్యత ఉంటదని అప్పుడు తెలిసింది. చివరికి కంచె పక్కన ఎండిన మొద్దు తొర్రలో నేనే దాచిన.

గుర్తు చీటీ కూడా నేనే రాసిన. ఇక్కడ నేను ఒక తప్పు చేసిన. గొప్ప కోసం పుస్తకం భాషలో, ధ్వజస్తంభమునకు ఈశాన్య దిశయందు అని మొదలుపెట్టి, ఒత్తులు నిండుగా ఉన్న మాటలతో నాలుగు వరుసలు రాసిన. తెలుగు మేడం చూస్తే మెచ్చుకుంటదని.

ఆ ఆదివారం ఎవరికీ దొరకలే. నాకు చాలా సంతోషం అయింది. సోమవారం కూడా దొరకలే. కొంచెం సంతోషం. మంగళవారం ఎవరూ వెతకడమే మానేసిండ్రు. ఇంక ఏం సంతోషం? దొరకని డబ్బా, పారేసిన డబ్బా ఒకటే అనిపించింది.

8. ఒక చెల్లి సంగతి

6వ తరగతి చెల్లి ఒకతె మాత్రం మానలేదు. ఆమెను అడిగే ఇది రాస్తున్న. రాయి అక్కా, పేరు మాత్రం వద్దు అన్నది.

బుధవారం సాయంత్రం ఆ చెల్లి ప్రతి చెట్టు మొదలు చూసుకుంటూ పోతున్నది. స్టడీ అవర్ గంట కొట్టినా రాలేదు. చీటీ చేతిలోనే మడతపెట్టి ఉన్నది, చెమటకు తడిసిపోయింది. ఈశాన్యం అని రాసిన కదా, నైరుతిలో ఎందుకు వెతుకుతున్నవ్ అని అడిగిన. ఆమె చీటీ నా చేతికి ఇచ్చి, నువ్వే చదువు అక్కా, నా కళ్లు మండుతున్నయ్ అన్నది.

నాకు ఒంట్లో ఏదో అయింది. ఎందుకంటే ఆ మాట నాది. నేను 5వ తరగతిలో ఈ హాస్టల్‌కు వచ్చినప్పుడు నాకు చదవడం రాదు. ఇంట్లో కోయ మాటే. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. సార్ నన్ను లేపి చదవమంటే, కళ్లు మండుతున్నయ్ సార్ అనేదాన్ని. ఒకసారి వంటశాలలో పొగ తగిలింది అని చెప్పిన. ఇంకోసారి పుస్తకం మరిచిపోయిన అన్నా. చదవడం రాదన్న సంగతిని దాదాపు ఏడాది దాచిన. పౌడర్ డబ్బాను నేను అంత బాగా ఎప్పుడూ దాచలేదు. అట్లా దాచినప్పుడు ఆనందం లేదు. భయమే. ఒక పక్క ఎవరూ కనిపెట్టొద్దు అని, ఇంకో పక్క ఎవరైనా కనిపెడితే బాగుండు అని. నన్ను కనిపెట్టింది అప్పటి 8వ తరగతి అక్క. ఎవరికీ చెప్పలేదు, నవ్వలేదు. రోజూ బట్టలు ఉతికే కాడ రెండు అక్షరాలు నేర్పింది.

నేను ఆ చెల్లితో కోయలో మాట్లాడిన. చీటీ నేను తప్పు రాసిన, మళ్లీ రాద్దాం రా అని చెప్పిన. నిజంగా తప్పు నాదే. వెతికేవాళ్లకు చదవరాని చీటీ రాస్తే అది గుర్తు కాదు, గోడ.

ఇద్దరం కూర్చొని కొత్త చీటీ రాసినం. ఒత్తులు లేని మాటలు, నడుమ బొమ్మలు. జెండా బొమ్మ, సూరుడి బొమ్మ, కంచె బొమ్మ, మొరటు చెట్టు బొమ్మ. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివి, కర్రతో కొలుచుకుంటూ పోయింది. నేను వరండాలో నిలబడి చూసిన. తొర్రలో చేయి పెట్టి ఆగింది. తర్వాత అరిచిన అరుపుకు వంట అక్క గరిటెతో బయటకు వచ్చింది.

పుస్తకంలో మొదటి పేరు ఆమెదే. మూడు అక్షరాల పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. చూసి రాయలేదు, తలచుకొని రాసింది.

ఆ క్షణంలో ఎవరికి ఎక్కువ ఆనందం అని అడిగితే నేను కొలిచి చెప్పలేను. టేపు సరిపోదు.

9. తర్వాత ఏమైంది?

మరునాడు ఆ చెల్లి, ఈసారి నేను దాస్తా అక్కా అన్నది. దాచాలంటే చీటీ రాయాలి. వెతకాలంటే చీటీ చదవాలి. ఇది నేను ముందు ఆలోచించలేదు. పుస్తకం ముందు పెడితే ముడుచుకొని కూర్చునే పిల్ల, నన్ను ఓడించడానికి మాటలు అడిగి అడిగి రాసుకున్నది. మొద్దు అని ఎట్లా రాయాలి? కింద ఒత్తు ఏది? ఆమె దాచిన డబ్బా నాకు రెండు రోజులు దొరకలేదు. చీటీలో పడమర బదులు పడమ అని ఉన్నది. నేను అది తప్పు అనుకోక ఇంకేదో మర్మం అనుకొని తిరిగిన. ఆమె నవ్విన నవ్వు మీరు చూడాలి.

ఇప్పుడు ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతుంది. కాని కళ్లు మండుతున్నయ్ అనడం మానేసింది. తనకు చదవడం సరిగ్గా రాదని క్లాసు మేడం గారికి తనే చెప్పింది. ఆ మేడం తిట్టలేదు.

10. ముగింపు

కావున నా తీర్పు ఇది. వెతికేవాళ్లు చివరి 5 మీటర్లలో ఒక ప్రశ్న వేసుకుంటారు. నేనైతే ఎక్కడ దాస్తాను? అంటే వెతికేవాళ్లు దాచేవాళ్లుగా మారాలి. దాచేవాళ్లు చీటీ రాసేటప్పుడు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. వెతికేవాళ్లకు ఇది అర్థమవుతుందా? అంటే దాచేవాళ్లు వెతికేవాళ్లుగా మారాలి. నేను ఆ రెండో ప్రశ్న వేసుకోలేదు, అందుకే నా మొదటి డబ్బా ఓడిపోయింది. ఆట కోసం దాచినది దొరకాలనే దాచాలి. దాచడంలో ఆనందం పొడుగు, కాని ఎవరికీ దొరకకపోతే సగమే. వెతకడంలో ఆనందం పొట్టి, కాని నిండుగా ఉంటుంది.

మన హాస్టల్లో డబ్బాలు కాక వేరేవి దాచుకున్నవాళ్లు కూడా ఉంటారు. చదవడం రాకపోవడం, జ్వరం, ఇంటి మీద బెంగ. వాళ్లు చీటీ రాయరు. కళ్లు మండుతున్నయ్ వంటి చిన్న మాటే గుర్తు. అక్కలు అయినవాళ్లం ఆ గుర్తు చదవాలి. కనిపెట్టిన తర్వాత నవ్వొద్దు, పదిమందికి చెప్పొద్దు.

వార్డెన్ మేడం గారికి మనవి. ఆదివారం సాయంత్రం అరగంట ఈ ఆటకు ఇప్పించగలరు. మూత గట్టిగా ఉండే ఖాళీ డబ్బాలు వంటశాల నుండి ఇప్పించగలరు. గేటు దాటం, బావి వైపు, పుట్టల వైపు పోం, చీకటి పడకముందే లోపలికి వస్తాం. 8, 9 తరగతులవాళ్లం ఒక్కొక్కరం ఒక చిన్న చెల్లిని జతగా తీసుకుంటాం.

ప్రశ్నలు
అ. క్యాష్ అనగా నేమి?
ఆ. అక్షాంశంలో 1 నిమిషం సుమారు ఎన్ని కిలోమీటర్లు? లెక్క చేసి చూపండి.
ఇ. జీపీఎస్‌కు నాలుగో ఉపగ్రహం ఎందుకు కావాలి?
ఈ. ఆటలో తినే వస్తువులు ఎందుకు దాచరాదు?
ఉ. మీరు దాచే పక్షమా, వెతికే పక్షమా? కారణాలు రాసి ఈ చార్టు కింద అంటించండి.

మీకో పని

అసలు ఆటలో గుర్తు మాటలను ఇంగ్లీషు అక్షరాలు 13 స్థానాలు జరిపి రహస్యంగా రాస్తారు. తొందరపడి చదివేసి ఆట చెడగొట్టుకోకుండా ఉండడానికి. మనం తెలుగులో ఒక్క స్థానం జరుపుదాం. ప్రతి హల్లుకు బదులు వర్ణమాలలో దాని తర్వాతి హల్లు రాయాలి. గుణింతం అట్లనే ఉంచాలి. జామ అనే మాట ఝాయ అవుతుంది. చదివేటప్పుడు ఒక్క హల్లు వెనక్కి రావాలి.

జెండా కర్ర నుండి తూర్పుకు 12 మీటర్లు, దక్షిణానికి 16 మీటర్లు నడవండి. నేరుగా ఎంత దూరమో ముందు లెక్క కట్టండి. అక్కడ నిలబడి ఈ గుర్తు చదవండి:

యాయిఢి ఖొయ్య

డబ్బా అక్కడ ఉన్నది. పేరు రాయండి, ఒకటి తీసుకోండి, ఒకటి పెట్టండి, మళ్లీ అక్కడే దాచండి. ఎత్తు తక్కువే, ఎక్కనక్కర లేదు. చిన్న చెల్లెళ్లకు గుర్తు విప్పడం రాకపోతే అక్కలు నేర్పండి, కాని చోటు చెప్పొద్దు. డబ్బా దాచింది నేను కాదు. పై సంగతిలో ఉన్న చెల్లే దాచింది, గుర్తు కూడా ఆమే రాసింది.

తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని